వేటస్థలం నిలిచింది, పార్కు పోయింది



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర రాయమని కార్యదర్శిగారు అడిగారు. రాజుల చరిత్ర నాకు అంతగా తెలియదు. రంగారెడ్డి జిల్లాలో, నేనుంటున్న వనస్థలిపురం పక్కనే ఉన్న పచ్చదనం కథ చెబుతాను.

విజయవాడ రోడ్డు పక్కనున్న హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటస్థలం. మహావీరుని 2500వ నిర్వాణోత్సవాల జ్ఞాపకార్థం 1975లో దానికి ఆయన పేరు పెట్టారు. జంతువులను వేటాడిన నేలకు అహింసామూర్తి పేరు రావడం విశేషమే. 1994లో అది జాతీయ ఉద్యానవనమైంది. అదే ఏడాది చిలుకూరు దగ్గరి మృగవనికీ ఆ హోదా దక్కింది. చుట్టూ ఎన్ని కాలనీలు లేచినా హరిణ వనస్థలిలో కృష్ణజింకలు నేటికీ తిరుగుతున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటికి అండగా ఉంది.

కాలనీ పార్కులకు అంతటి అండ లేదు. లేఅవుటు నక్షాలో గీసిన గీతే వాటికి ఆధారం. పార్కుకు వదిలిన జాగాను ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వడం చెల్లదని బెంగుళూరు కేసులో సుప్రీంకోర్టు 1991లోనే తీర్పు చెప్పింది.

ఆ తీర్పు సంగతి నేను పత్రికలో చదివాను. అయినా కొన్నాళ్లకు నా బల్లమీదికి ఒక ఫైలు వచ్చింది. ఒక కాలనీ పార్కు మూలన సమావేశపు హాలు కట్టుకుంటామని అర్జీ. పైవారి మనసు తెలిసినవాణ్ణి కనుక, "నిబంధనలకు లోబడి పరిశీలించవచ్చును" అని నోటు రాసి పైకి పంపాను. హాలు లేచింది, ఆ వెనుకే దుకాణాలూ వచ్చాయి. పదవీ విరమణ చేశాక ఒకసారి అటు వెళ్లాను. షట్టర్ల మధ్య ఒక్క వేపచెట్టు మిగిలింది. దాని నీడన స్కూటర్లు నిలిపారు, పిల్లలు రోడ్డుమీద ఆడుకుంటున్నారు. ఆ ఫైలుమీద ఆఖరి సంతకం నాది కాదు. అక్షరాలు మాత్రం నావే.

అందుకే మీకు ఒక మనవి. మీ కాలనీ లేఅవుటు నక్షా నకలు తీసుకోండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. నక్షాలోని పార్కు కొలతలను నేలమీది కొలతలతో సరిచూడండి. తేడా ఉంటే రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు దాచుకోండి. ఫైళ్లు చదవడం మనకు చేతనైన విద్య. ఉద్యోగంలో ఉండగా చేయలేని పనిని ఇప్పుడైనా చేద్దాం. సాయంత్రం మన మనుమలు ఆడుకోవడానికి కాస్త జాగా మిగులుతుంది.