పోలింగ్ రోజు సెలవు: యజమాని ఇవ్వాల్సింది, అడగకూడనిది

ప్రజాప్రాతినిధ్య చట్టం అనగానే మనం అనర్హతలు, అవినీతి చర్యల దగ్గర ఆగిపోతాం. కానీ ఎన్నికల వేళ యజమానికీ ఉద్యోగికీ మధ్య గీత ఎక్కడుందో కూడా ఈ చట్టమే చెబుతుంది.

నేపథ్యం: 19వ శతాబ్దపు బ్రిటన్‌లో ఓటరు అందరి ముందు అభ్యర్థి పేరు చెప్పి ఓటు వేసేవాడు. యజమాని, భూస్వామి వింటూనే ఉండేవారు. ఎదురు తిరిగితే పనో, కౌలో పోతుందన్న భయం. అందుకే 1838 నాటి చార్టిస్టుల ఆరు డిమాండ్లలో రహస్య ఓటింగ్ ఒకటి. 1872లో బ్యాలట్ చట్టంతో అది సాధ్యమైంది.

మన దేశంలో: 1951-52 తొలి సాధారణ ఎన్నికలు రహస్య బ్యాలట్‌తోనే జరిగాయి. 1951 చట్టం సెక్షన్ 94 ప్రకారం, ఎవరికి ఓటు వేశావో చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదు. ఓటరును బెదిరించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 171 కింద నేరం.

అయితే కూలి పోతుందంటే రహస్య ఓటు హక్కు ఉన్నా ఎవరు వెళ్తారు? ఈ లోటు తీర్చడానికే 1996 సవరణతో సెక్షన్ 135బి వచ్చింది. లోక్‌సభ, శాసనసభ ఎన్నికల పోలింగ్ రోజున ఓటుహక్కు ఉన్న ప్రతి ఉద్యోగికి వేతనంతో కూడిన సెలవు ఇవ్వాలి. రోజుకూలీకి కూడా ఆ రోజు కూలి చెల్లించాలి. లేకపోతే యజమానికి రూ.500 వరకు జరిమానా. పనికి రాకపోతే ప్రమాదమో, భారీ నష్టమో జరిగే ఉద్యోగాలకు మాత్రమే మినహాయింపు.

ఇక్కడ ఒక మాట గమనించండి. సెలవు 'ఓటుహక్కు ఉన్నవారికి', 'ఓటు వేసినవారికి' కాదు. కాబట్టి వేలిమీద సిరా చూపిస్తేనే జీతం అనడం చట్టం స్ఫూర్తికి విరుద్ధం. 2013 నోటా తీర్పులో సుప్రీంకోర్టు, ఓటు వేయకూడదనుకునేవారి గోప్యతనూ కాపాడాలని చెప్పింది.

లోపాలు: రూ.500 పెద్ద సంస్థను భయపెట్టదు. ప్రయాణానికి పట్టే రోజుల గురించి చట్టం మాట్లాడదు. 2024 మే 13న హైదరాబాద్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లోని సొంతూళ్లకు ఓటు కోసం వెళ్లినవారికి ఈ ఇబ్బంది బాగా తెలుసు. మంచి యజమాని అదనపు సెలవు ఇస్తాడు, షిఫ్టు మారుస్తాడు, కాంట్రాక్టు కార్మికులకూ అదే వర్తింపజేస్తాడు. ఏ పార్టీ అని మాత్రం అడగడు.

ముగింపు: పక్షం వహించకపోవడం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. సమయం ఇవ్వాలి, ప్రశ్న అడగకూడదు.

ప్రాక్టీస్ ప్రశ్న: సెక్షన్ 135బి అసంఘటిత కార్మికుల ఓటుహక్కును ఎంతవరకు కాపాడుతోంది? విశ్లేషించండి.