కృత్రిమ డీఎన్ఏలో డిజిటల్ సమాచార నిల్వ: చరిత్ర

కంప్యూటర్ ఫైలులోని సున్నా, ఒకట్ల వరుసను అడెనిన్, సైటోసిన్, గ్వానిన్, థైమిన్ అనే నాలుగు క్షారాల వరుసగా మార్చి, ఆ క్రమంలో డీఎన్ఏ పోగులను రసాయనికంగా తయారుచేసి దాచడం, కావలసినప్పుడు సీక్వెన్సింగ్ యంత్రంతో క్షారాల క్రమాన్ని చదివి తిరిగి ఫైలుగా మార్చుకోవడం ఈ విధానం. సోవియట్ భౌతికశాస్త్రవేత్త మిఖాయిల్ నైమన్ 1960ల మధ్యలోనే ఈ ఊహను ప్రచురించాడు. 1988లో జో డేవిస్ అనే కళాకారుడు 35 బిట్ల బొమ్మను ఈ.కోలై బాక్టీరియాలోకి ఎక్కించాడు.

అసలు మలుపు 2012లో వచ్చింది. హార్వర్డ్‌కు చెందిన జార్జ్ చర్చ్, సహచరులు యువాన్ గావో, శ్రీరామ్ కోసూరిలతో కలిసి 53 వేలకు పైగా పదాలున్న పుస్తకాన్ని సుమారు 55 వేల పొట్టి పోగుల్లో రాయించాడు. సూరత్ అద్దకపు మిల్లుల్లో గుడ్డమీద రంగు చిమ్మే డిజిటల్ ప్రింటింగ్ యంత్రాల వలెనే, ఈ పోగుల తయారీలోనూ ఇంక్‌జెట్ సూత్రమే వాడారు. చిమ్మేది మాత్రం క్షారాలున్న రసాయనాలను.

ఒకే క్షారం వరుసగా వస్తే చదివే యంత్రం లెక్క తప్పుతుంది. 2013లో యూరోపియన్ బయోఇన్ఫర్మాటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌లో నిక్ గోల్డ్‌మన్ బృందం దీనికి చక్కని ఉపాయం కనిపెట్టింది. ఫైలును 0, 1, 2 అనే మూడంకెల్లోకి మార్చి, ప్రతి అంకెకు ముందున్న క్షారాన్ని వదిలి తక్కిన మూడింటిలో ఒకటి కేటాయించారు: ముందు అడెనిన్ ఉంటే 0కు సైటోసిన్, 1కి గ్వానిన్, 2కు థైమిన్. ఇలా 739 కిలోబైట్లు దాచారు. షేక్‌స్పియర్ సానెట్లన్నీ అందులో ఉన్నాయి.

గుజరాత్ ప్రవేశం ఇక్కడే. గోల్డ్‌మన్ ఫలితం వెలువడిన ఏడాదే గాంధీనగర్‌లోని ధీరూభాయ్ అంబానీ ఇన్‌స్టిట్యూట్‌లో మనీశ్ కె. గుప్తా, ఆయన సహచరులు డీఎన్ఏక్లౌడ్ అనే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించారు. ఫైలును క్షారాల క్రమంగా మార్చడం, ఆ క్రమం నుంచి తిరిగి ఫైలును రాబట్టడం దాని పని. రసాయన ప్రయోగశాల లేకుండా కంప్యూటర్ మీదే ఈ రంగంలో అడుగుపెట్టవచ్చని అది చూపింది.

అయితే పోగును తయారుచేయించే ఖర్చును ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తొలగించలేదు. గోల్డ్‌మన్ బృందం 2013 నాటి అంచనాలో ఒక మెగాబైటు రాయడానికి 12,400 డాలర్లు, చదవడానికి 220 డాలర్లు అయ్యేవి. 2017లో యానివ్ ఎర్లిక్, డినా జీలిన్‌స్కీ గ్రాముకు 215 పెటాబైట్ల సాంద్రత సాధించినా, 2.14 మెగాబైట్ల రాతకే దాదాపు 7,000 డాలర్లు పెట్టారు. వేగమూ అంతంతమాత్రమే: 2019లో మైక్రోసాఫ్ట్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నిర్మించిన స్వయంచాలక యంత్రానికి ‘హలో’ అనే అయిదు బైట్ల ఆంగ్ల పదాన్ని రాసి, చదవడానికి 21 గంటలు పట్టాయి, అందులో ఎక్కువ భాగం పోగు తయారీకే పోయింది.