పునరుత్థాన నిరీక్షణ

యేసుక్రీస్తు సిలువ మీద చనిపోయి, సమాధి చేయబడి, మూడవ దినాన లేచాడని క్రైస్తవులు నమ్ముతారు. ఆయనను లేపిన దేవుడే చనిపోయినవారిని కూడా ఒకనాడు శరీరంతో లేపుతాడన్నది ఆ నమ్మకంలోని రెండో సగం. ఈ రెండింటి నుంచి పుట్టిన ఎదురుచూపునే తెలుగు సంఘాల్లో నిరీక్షణ అంటారు. విశ్వాసికి కష్టం రాదన్న హామీ ఇందులో ఎక్కడా లేదు. కష్టం వస్తుంది, చావూ వస్తుంది, అయినా దేవుడు మొదలుపెట్టిన పని చావుతో ఆగిపోదు అన్నదే దీని సారం.

ఆత్మ చావదన్న భావనతో దీన్ని కలిపేసుకోవడం మామూలే, క్రైస్తవుల్లో సైతం. ప్రాచీన గ్రీకు తత్వవేత్తల్లో కొందరు శరీరాన్ని ఆత్మకు చెరసాలగా చూశారు. వారి దృష్టిలో చావు విడుదల. పునరుత్థాన విశ్వాసానికి చావు శత్రువు. కూలికి పోయి కాయలు కాసిన చేతులు, జబ్బుతో చిక్కిపోయిన ఒళ్లు, ఇవే దేవుడు మళ్లీ లేపి మార్చబోయేవి అని అది చెబుతుంది. అపొస్తలుల కార్యముల ప్రకారం పౌలు ఏథెన్సులోని అరేయొపగులో ఈ మాట ఎత్తగానే కొందరు ఎగతాళి చేశారు. నైసీయ విశ్వాస ప్రమాణంతో సహా ప్రాచీన ప్రమాణాలు మృతుల పునరుత్థానాన్ని పేరుపెట్టి చెప్పడం వెనుక ఇలాంటి అభ్యంతరాలతో సాగిన సుదీర్ఘ వాదన ఉంది.

హింసలో మొలిచిన నమ్మకం

ఈ నమ్మకం వేళ్లు యూదుల చరిత్రలో ఉన్నాయి. బబులోను చెరలో ఉన్న ప్రజలకు యెహెజ్కేలు ప్రవక్త ఎండిన ఎముకల లోయ దర్శనం చెప్పాడు. అక్కడ లేచేది ఒక జాతి. ఒక్కొక్క మనిషీ లేస్తాడన్న మాట మరింత స్పష్టంగా వినిపించింది క్రీ.పూ. రెండో శతాబ్దంలో, సిరియా రాజు నాలుగో ఆంటియోకస్ యూదు ఆచారాలను నిషేధించి, క్రీ.పూ. 167లో యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేసిన కాలంలో. దేవుని మాట విన్నందుకే చంపబడినవారికి న్యాయం ఎప్పుడు జరుగుతుంది? మంచివాడికి ఈ లోకంలోనే మేలు జరుగుతుందన్న పాత సమాధానం ఆ శవాల ముందు నిలబడలేదు. దానియేలు గ్రంథం చివరి అధ్యాయం, మక్కబీయుల రెండో గ్రంథం ఏడో అధ్యాయం ఈ ప్రశ్నకే బదులు చెబుతాయి. మక్కబీయుల కథలో తల్లి కళ్లెదుటే ఏడుగురు అన్నదమ్ములను హింసించి చంపుతారు. వారిలో మూడోవాడు చేతులు చాచి, ఇవి దేవుడిచ్చినవి, ఆయన దగ్గరే తిరిగి పొందుతానని అంటాడు. పునరుత్థానం ఇక్కడ మొదట న్యాయానికి సంబంధించిన మాట, ఆ తర్వాతే ఓదార్పు. ఈ సంగతి మరిచిపోతే తర్వాతి చరిత్ర అర్థం కాదు.

యేసు నాటికి యూదు వర్గాల్లో పరిసయ్యులు పునరుత్థానాన్ని నమ్మేవారు, సద్దూకయ్యులు నమ్మేవారు కాదు. క్రైస్తవులు కొత్తగా చెప్పింది ఒకటుంది: అంత్యదినాన జరగాల్సినది ఒక్కరి విషయంలో, అదీ రోమా ప్రభుత్వం సిలువ వేసిన మనిషి విషయంలో, ముందే జరిగిపోయిందని.

పౌలు వాదన

లేచిన యేసును చూసినవారి వరుస చెప్పే, మనకు దొరికే అత్యంత ప్రాచీన లిఖిత సాక్ష్యం సువార్తల కంటే ముందుది. క్రీ.శ. 50ల నడిమిలో ఎఫెసు నుంచి పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రికలోని 15వ అధ్యాయం అది. తనకు ముందువారు అప్పగించిన మాటగా ఆయన సాక్షుల వరుస చెబుతాడు: కేఫా, పన్నెండుగురు, ఒకేసారి చూసిన 500 మందికి పైగా సహోదరులు, యాకోబు, అపొస్తలులందరూ, ఆఖరున తాను. ఆ 500 మందిలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని కూడా గుర్తుచేస్తాడు. అక్కడి నుంచి వాదన సూటిగా నడుస్తుంది. మృతులు లేవరన్నది నిజమైతే క్రీస్తూ లేవలేదు. అప్పుడు బోధ వట్టిది, నమ్మకం వట్టిది, క్రైస్తవులు లోకంలో అందరికంటే జాలిపడదగినవారు. ప్రతి గడియా ప్రాణాపాయంలో తిరగడానికి మాకేం పని అని కూడా అడుగుతాడు.

ఆ మాట అనడానికి ఆయనకు అర్హత ఉంది. రెండో పత్రికలో ఇచ్చిన లెక్క ప్రకారం ఐదుసార్లు ఒకటి తక్కువ 40 దెబ్బలు, మూడుసార్లు బెత్తపు దెబ్బలు, ఒకసారి రాళ్లవాన, మూడుసార్లు ఓడ పగిలిపోవడం. అదే పత్రిక ఆరంభంలో ఆసియా ప్రాంతంలో పడ్డ బాధ గురించి చెబుతూ, బతుకు మీద ఆశే వదులుకున్నామని, చనిపోయినవారిని లేపే దేవుణ్ణి తప్ప దేన్నీ నమ్ముకోలేని స్థితికి వచ్చామని దాపరికం లేకుండా ఒప్పుకుంటాడు. నిరాశ చెందని మనిషి కాదు పౌలు. నిరాశ అడుగు దాకా దిగిన మనిషికి అక్కడ మిగిలినది ఈ విశ్వాసం.

15వ అధ్యాయం ముగిసే తీరు ముఖ్యమైనది. 57 వచనాలు చావు గురించీ లేవడం గురించీ మాట్లాడి, 58వ వచనంలో పౌలు పాఠకులను ఆకాశం వైపు చూస్తూ కూర్చోమనడు. మీ కష్టం వృథా పోదు, పనిలో నిలకడగా ఉండండి అంటాడు. లేపబడే లోకం ఇదే అయితే ఇక్కడ చేసిన మేలు మట్టిపాలు కాదు. ఇంగ్లండుకు చెందిన కొత్త నిబంధన పండితుడు ఎన్‌.టి. రైట్ ఈ కోణాన్ని విస్తారంగా వివరించారు. పునరుత్థానంపై ఆయన పెద్ద గ్రంథం 2003లో వచ్చింది.

గాయాలు చెరగని శరీరం

సువార్తలు ఈ సంఘటనను విజయోత్సవంలా చెప్పవు. సైనాయ్, వాటికన్ ప్రతులుగా పేరుపొందిన నాలుగో శతాబ్దపు రాతప్రతుల్లో మార్కు సువార్త స్త్రీలు వణుకుతూ సమాధి నుంచి పారిపోయి, భయంతో ఎవరికీ ఏమీ చెప్పకపోవడంతోనే ఆగిపోతుంది. యోహాను సువార్తలో మగ్దలేనే మరియ ఏడుస్తూ ఎదుట ఉన్నది తోటమాలి అనుకుంటుంది. శిష్యులు తలుపులు మూసుకుని ఉంటారు. లూకాలో ఎమ్మాయు దారిన పోయే ఇద్దరు పక్కన నడుస్తున్నదెవరో గుర్తుపట్టరు. ఈ వృత్తాంతాలన్నింటిలోనూ ఆశ దుఃఖం మధ్యకు వస్తుంది. దుఃఖం తీరిన తర్వాత వచ్చినది కాదు.

లేచిన దేహంలో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. తోమా చూడగోరింది వాటినే. బాధ జరగనట్టు తుడిచేయడం కాకుండా, బాధపడిన ఆ మనిషినే దేవుడు సమర్థించాడని సంఘం దీన్ని అర్థం చేసుకుంది. ఇస్తాంబుల్‌లోని కోరా ఆలయంలో 14వ శతాబ్దం తొలి పాదంలో గీసిన కుడ్యచిత్రం ఇదే విశ్వాసానికి తూర్పు సంఘం ఇచ్చిన రూపం. తెల్లని వస్త్రాల్లో క్రీస్తు పాతాళ ద్వారాలను తొక్కి నిలబడి, ఆదామునూ హవ్వనూ మణికట్టు పట్టుకుని సమాధుల్లోంచి పైకి లాగుతుంటాడు. తమంత తాము లేవలేనివారిని లేపుతున్న భంగిమ అది.

ఈ ఆశతో బతికినవారు

క్రీ.శ. 177లో గాల్ దేశంలోని లియోన్‌లో క్రైస్తవులను చంపినవారు శవాలను ఆరు రోజులు ఆరుబయటే వదిలి, తర్వాత కాల్చి, బూడిదను రోన్ నదిలో కలిపారు. పునరుత్థానం మీద వాళ్ల ఆశను తెంచాలనే అలా చేశారని యూసేబియస్ తన చరిత్రలో భద్రపరచిన లేఖ చెబుతుంది. ఈ విశ్వాసమే వారి తెగువకు మూలమని హింసించినవారికీ తెలుసునన్నమాట.

మూడో శతాబ్దం నడుమ రోమా సామ్రాజ్యాన్ని మహమ్మారి పట్టి పీడించినప్పుడు అలెగ్జాండ్రియా బిషప్ డయొనీసియస్ ఒక ఈస్టర్ లేఖ రాశాడు. రోగులను వీధిలోకి నెట్టేస్తున్న వేళ క్రైస్తవులు వారిని ఒళ్లో పెట్టుకుని సేవ చేశారని, అలా సేవ చేసినవారిలో అనేకులు అదే రోగంతో పోయారని అందులో ఉంది. సొంత సంఘం గురించిన ప్రశంస కాబట్టి కొంత తగ్గించుకుని చదవాలి. అయినా చావుభయం సడలినప్పుడు చేతులు ఏ పనికి కదులుతాయో ఆ లేఖ చూపుతుంది.

1945 ఏప్రిల్ 8, ఈస్టర్ తర్వాతి ఆదివారం, బవేరియాలోని షోన్‌బర్గ్ గ్రామంలో ఒక బడిలో ఉంచిన ఖైదీల కోసం జర్మన్ పాస్టర్ డీట్రిక్ బోన్‌హోఫర్ ఆరాధన నడిపాడు. ఆనాటి పాఠాల్లో ఒకటి పేతురు మొదటి పత్రికలో పునరుత్థానం వల్ల కలిగిన సజీవ నిరీక్షణను గురించినది. మర్నాడు ఫ్లోసెన్‌బర్గ్ శిబిరంలో నాజీలు ఆయనను ఉరితీశారు. సిసిలీ సాండర్స్ మార్గం వేరు. నర్సుగా, సామాజిక కార్యకర్తగా, తర్వాత డాక్టరుగా పనిచేసిన ఈ ఆంగ్లికన్ విశ్వాసి 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచి, నయం కాని జబ్బుతో ఉన్నవారి నొప్పిని తగ్గించడమే ఒక వైద్యశాస్త్రంగా ఎదగడానికి దారి వేశారు. ఎలాగూ పోయేవాడే అని వదిలేయకుండా, పోయే దాకా ఆ దేహాన్ని గౌరవించడం ఆమె పనిలో కనిపిస్తుంది.

మత్తుమందేనా?

మతం ప్రజలకు నల్లమందు అని మార్క్స్ 1844లో అచ్చైన వ్యాసంలో అన్న మాట ఈ నిరీక్షణకూ తగులుతుంది. పరలోకం చూపించి ఇహలోకపు అన్యాయాన్ని భరించమని చెప్పిన బోధకులు నిజంగానే ఉన్నారు. అమెరికాలో బానిసల యజమానులు అలాంటి క్రైస్తవ్యాన్నే ఇష్టపడ్డారు. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845 నాటి ఆత్మకథలో ఆ మతానికీ క్రీస్తు మతానికీ మధ్య పూడ్చలేని అంతరం ఉందని ఖరాఖండిగా చెప్పాడు.

ఈ విమర్శకు లోతైన జవాబు జర్మన్ వేదాంతి యూర్గెన్ మోల్ట్‌మన్ (1926–2024) రచనల్లో ఉంది. 1943 జులైలో హాంబర్గ్ నగరంపై బాంబుల వర్షం కురిసినప్పుడు ఆయనకు 17 ఏళ్లు. పక్కనే నిలబడిన స్నేహితుడు చనిపోయాడు, తాను మిగిలాడు. తర్వాత బందీగా చిక్కి, 1948 దాకా యుద్ధఖైదీగా బెల్జియం, స్కాట్లండ్, ఇంగ్లండ్ శిబిరాల్లో గడిపాడు. అక్కడ చేతికందిన బైబిలులో మొరపెట్టే కీర్తనలూ, సిలువ మీద యేసు వేసిన కేకా ఆయనను పట్టి నిలిపాయి. 1964లో వచ్చిన ‘నిరీక్షణ వేదాంతం’లో ఆయన వాదన ఇది: దేవుడు సిలువ వేయబడినవాణ్ణి లేపాడంటే, సిలువలు వేసే ఈ లోకవ్యవస్థను ఆయన ఒప్పుకోవడం లేదని అర్థం; అది నమ్మినవాడు ఉన్నదానితో సర్దుకుపోలేడు. ఈ జవాబు న్యాయమైనదే. మక్కబీయుల కాలం నుంచీ ఈ నమ్మకంలో ఉన్న న్యాయకాంక్షనే మోల్ట్‌మన్ మళ్లీ పైకి తెచ్చాడు.

తెలుగు సంఘాల్లో

1876–78 కరువులో ఒంగోలు ప్రాంతం అల్లాడినప్పుడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పనిని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. వారిని అక్కడికి నడిపించినవాటిలో ఆకలి, ఆదుకున్న చేతులపై నమ్మకం, అంటరానితనం నుంచి బయటపడే దారి అన్నీ ఉన్నాయి; కారణాన్ని ఒక్కదానికే కుదించడం సరికాదు. అయితే నీటిలో మునగడం క్రీస్తుతో పాతిపెట్టబడటమని, పైకి రావడం ఆయనతో లేవడమని బాప్టిస్టు సంఘం బోధ. ఊరి చివరకు నెట్టేసినవారికి, కరువులో సొంతవారిని పోగొట్టుకున్నవారికి ఆ బోధ ఒంటి మీద జరిగింది.

నేడు తెలుగు క్రైస్తవులు 40 శ్రమల దినాలు, మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే గడిచాక ఈస్టర్ నాడు వేకువజామునే ఆరాధనకు చేరతారు. చాలాచోట్ల ఆ చీకటివేళ సమాధుల తోటకు వెళ్లి, అంతకుముందే సున్నం వేసి ఉంచిన సమాధుల మీద పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి పాడతారు. కాథలికులు చనిపోయినవారి కోసం నవంబరు 2ను ప్రత్యేకంగా పాటిస్తారు. దహనంపై ఉన్న నిషేధాన్ని కాథలిక్ సంఘం 1963లో సడలించినా, తెలుగు సంఘాల్లో ఎక్కువగా భూస్థాపనే వాడుక.

భూస్థాపన తర్వాత కొన్నాళ్లకు జరిగే ఆదరణ కూడికలో కొందరు బోధకులు విశ్వాసులు ఏడవకూడదంటారు. ఇది గ్రంథానికి విరుద్ధం. క్రీ.శ. 50 ప్రాంతంలో థెస్సలొనీక సంఘానికి పౌలు రాసినది ఆశ లేనివారిలా దుఃఖపడవద్దని; దుఃఖమే వద్దని కాదు. యోహాను సువార్త 11వ అధ్యాయంలో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు బేతనియలో కన్నీళ్లు పెట్టుకున్నాడు. అంతకుముందు, నీవు ఇక్కడ ఉండి ఉంటే మా సోదరుడు చనిపోయేవాడు కాడని మార్త నిష్ఠూరమాడింది. కాసేపటికి ఆమె సోదరి మరియ వచ్చి అదే మాట అంది. ఆయన ఇద్దరిలో ఎవరినీ కోప్పడలేదు.