సూది దొరకని చోట

1980ల తొలినాళ్లలో రాయ్ రాబర్ట్‌సన్ అనే డాక్టరు స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో శివారులోని మ్యూర్‌హౌస్ అనే పేదల కాలనీలో వైద్యం చేసేవాడు. ఆ కాలనీలో పనుల్లేని కుర్రాళ్లు ఎక్కువ, హెరాయిన్ చవక. అతని దగ్గరికి వచ్చే మత్తుమందు వాడకందార్లలో చాలామందికి హెపటైటిస్ బి ఉండేది. దాని సంగతి తేల్చడానికి తీసిన రక్తంలో మిగిలినదాన్ని పారబోయకుండా దాచి ఉంచారు. 1985లో హెచ్‌ఐవీని గుర్తించే పరీక్ష చేతికి రాగానే ఆ పాత నమూనాలన్నీ బయటికి తీశారు. 164 మందిని పరీక్షిస్తే 51 శాతం మందికి వైరస్ ఉంది. 1986 ఫిబ్రవరిలో ఈ లెక్క బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాక ఎడిన్‌బరోకు ‘యూరప్ ఎయిడ్స్ రాజధాని’ అని పేరు పడింది.

దాచిన రక్తం మరో మాట కూడా చెప్పింది. ఆ కాలనీలోకి వైరస్ వచ్చింది 1983 చివర. అంటే రెండేళ్లు తిరక్కుండానే సగంమందిని చుట్టేసింది. అప్పటిదాకా అమెరికాలో స్వలింగ సంపర్కుల జబ్బుగానే లోకం చూసిన వైరస్ అది. నిజానికి 1981 డిసెంబరులోనే న్యూయార్క్ డాక్టర్లు వింత న్యుమోనియాతో వచ్చిన 11 మంది మగవాళ్ల గురించి రాశారు. వాళ్లలో ఏడుగురు మత్తుమందు వాడేవాళ్లు. ఆ సంగతి ఎక్కువమంది చెవికెక్కలేదు.

ఎడిన్‌బరోకు 75 కిలోమీటర్ల దూరంలో గ్లాస్గో ఉంది. అక్కడ హెరాయిన్ వాడకం తక్కువేమీ కాదు. అయినా అదే రోజుల్లో అక్కడి వాడకందార్లలో వైరస్ ఉన్నవాళ్లు ఐదు శాతం దాపునే ఉన్నారు. ఒకే దేశం, ఒకే మత్తు, ఒకే వాన. మరి ఇంత తేడా ఎందుకు? పరిశోధకులు తవ్వితే తేలింది సిరంజి కరువు. ఎడిన్‌బరో పోలీసులు సిరంజి కనబడితే లాక్కునేవారు. వాటిని అమ్మే దుకాణం మీద ఒత్తిడి తెచ్చి అమ్మకం ఆపించారు. సూది దొరక్కపోతే మత్తు మానేస్తారని వాళ్ల లెక్క. మత్తు ఎవరూ మానలేదు. ఒక్క గదిలో పదిమంది చేరి ఒకే సూది తిప్పుకున్నారు. ఆ కాలపు ఎడిన్‌బరో కుర్రాళ్ల మీద 1993లో వచ్చిన ‘ట్రెయిన్‌స్పాటింగ్’ నవల పేరు, కనీసం దాని సినిమా పేరు, మన పాఠకుల్లో కొందరికైనా తెలిసే ఉంటుంది. 1988 నాటికి బ్రిటన్ ప్రభుత్వ సలహా మండలి తేల్చి చెప్పేసింది: సమాజానికి మత్తుమందుల వాడకం కన్నా హెచ్‌ఐవీయే పెద్ద ముప్పు. అంటే ముందు వైరస్‌ను ఆపాలి, మత్తు సంగతి తర్వాత. పోలీసు బుర్రకు మింగుడుపడని వరస ఇది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఈ తెలివి డాక్టర్ల కంటే ముందు వాడకందార్లకే వచ్చింది. ఒక మందుల షాపు సిరంజిలు అమ్మడం మానేసినప్పుడు, హెపటైటిస్ బి భయంతో అక్కడి మత్తుమందు వాడకందార్ల సంఘం 1984లో పాత సూదులు తీసుకుని కొత్తవి పంచే ఏర్పాటు మొదలుపెట్టింది. సంఘం పేరు ‘జంకీబోండ్’, అంటే ‘జంకీల సంఘం’. తమను నలుగురూ తిట్టే మాటనే వాళ్లు బోర్డు మీద పెట్టుకున్నారు.

చట్టానికి దొరక్కుండా బతికేవాళ్లను పరిశోధకుడు ఎలా లెక్కపెడతాడు? ఓటరు జాబితాలో వెతికితే దొరికే మనుషులు కారు. ఇంటికెళ్లి తలుపు కొడితే తలుపు తీయరు. అమెరికాలోని న్యూ హేవెన్‌లో ఎడ్వర్డ్ కాప్లన్, రాబర్ట్ హైమర్ అనే ఇద్దరు దీనికి ఉపాయం కనిపెట్టారు. 1990లో అక్కడ మొదలైన సూదుల మార్పిడి కేంద్రంలో ఒక్కో సిరంజికి ఒక్కో నంబరు వేశారు. మనిషిని కాదు, సూదినే వెంబడించారు. తిరిగొచ్చిన సిరంజిలో అంటుకున్న నెత్తుటి చుక్కను పరీక్షించారు. మొదట్లో మూడింట రెండు వంతుల సూదుల్లో వైరస్ ఆనవాళ్లుండేవి. కొన్ని నెలలకు అది 40 శాతం దాపుకు దిగింది. సూది వీధిలో తిరిగే రోజులు తగ్గితే దాని మీద వైరస్ కూర్చునే అవకాశమూ తగ్గుతుందని కాప్లన్ గణితం వేసి చూపించాడు. అయినా అమెరికా కేంద్ర ప్రభుత్వం 1988లో ఈ పనికి నిధులు ఇవ్వకూడదని పెట్టిన నిషేధం తర్వాత ఇరవయ్యేళ్లు దాటినా నడిచింది. న్యూయార్క్‌లో సూదులు పంచి అరెస్టయిన కార్యకర్తలను, ప్రాణాలు కాపాడటానికి తప్పనిసరై చేసిన పని అంటూ 1991లో ఒక జడ్జి వదిలిపెట్టింది.

సూదులు పంచితే చాలునని అనుకోవడమూ తప్పే. కెనడాలోని వాంకూవర్‌లో పెద్ద మార్పిడి కేంద్రం ఉండగానే 1990ల నడుమ వైరస్ విరుచుకుపడింది. అక్కడ వాడేది ఎక్కువగా కొకైన్. హెరాయిన్ అయితే రోజుకు మూడు నాలుగు సార్లతో సరి. కొకైన్‌కు ఇరవై సార్లయినా సూది గుచ్చుకుంటారు. పైగా చాలామందికి ఉండటానికి ఇల్లు లేదు. ఇచ్చే సూదులు ఏ మూలకూ చాలలేదు.

ఆసియాలో ఈ కథ ఇంకా వేగంగా నడిచింది. బ్యాంకాక్‌లో 1987లో చికిత్సకు వచ్చిన వాడకందార్లలో నూటికి ఒకరిద్దరికి మించి వైరస్ కనబడలేదు. 1988 చివరికి నూటికి నలభైమందిలో కనబడింది. ఈ రెండు అంకెల నడుమ జరిగినవాటిలో ఒకటి, 1987 డిసెంబరులో రాజుగారి 60వ పుట్టినరోజు సందర్భంగా ప్రకటించిన క్షమాభిక్ష. జైళ్ల నుంచి వేలమంది బయటికొచ్చారు. జైల్లో ఒకే సూదిని పంచుకున్నవాళ్లు ఊళ్లోకొచ్చాక మరిన్ని చేతులతో పంచుకున్నారని పరిశోధకుల అనుమానం. తర్వాత చేసిన సర్వేలు జైలుకెళ్లొచ్చిన వాడకందార్లకు వైరస్ ఉండే అవకాశం ఎక్కువని చూపించాయి.

తెలుగునాట హెచ్‌ఐవీ అంటే జాతీయ రహదారులు, లారీలు, కోస్తా జిల్లాలు గుర్తుకొస్తాయి. ఇక్కడ అది ఎక్కువగా లైంగిక సంబంధాల ద్వారానే వ్యాపించింది. దేశంలో మొదటి కేసులు 1986లో బయటపడ్డదీ మద్రాసులో సెక్స్ వర్కర్లలోనే. దేశానికి ఈశాన్యపు కొసన మాత్రం వేరే చరిత్ర నడిచింది. మణిపుర్‌లోని మోరే ఊరు దాటితే బర్మా. అటువైపు నుంచి ‘నంబర్ ఫోర్’ అనే శుద్ధమైన హెరాయిన్ ఇంఫాల్ దాకా వచ్చేది. సిరంజి పట్టుకుని పోలీసులకో మిలిటెంట్లకో దొరికితే బతుకు కష్టం. అందుకని ఇంకు పోసే ఫిల్లరుకు సూది బిగించి వాడేవారు. ఒక ఫిల్లరు ఎందరి చేతులు మారేదో లెక్కలేదు. 1989 సెప్టెంబరు దాకా పరీక్షల్లో వాడకందార్లెవరికీ వైరస్ కనబడలేదు. 1990 జూన్ నాటికి సగానికి పైగా మందికి ఉంది. స్వరూప్ సర్కార్, టి.ఎన్. నాయక్ వంటి భారతీయ పరిశోధకులు ఈ లెక్కలను అచ్చులో పెట్టేదాకా ఇండియాలో ఇంజెక్షన్ మత్తు ఒక సమస్యని ఢిల్లీలో చాలామంది అనుకోనే లేదు.

మణిపుర్ ఆడవాళ్లు 1970ల నుంచే ‘నిషా బంద్’ పేరిట తాగుబోతుల మీద యుద్ధం చేసినవాళ్లు. తర్వాత మీరా పైబీలై రాత్రిళ్లు కాగడాలు పట్టుకుని వీధులు కాచారు. మిలిటెంట్ సంస్థలు మత్తుమందు వాడేవాళ్లను కాళ్ల మీద కాల్చి బెదిరించాయి. ఇంత కట్టుబాటున్న సమాజంలో సూదులు ఇస్తామంటే ఒప్పుకుంటారా? వింతేమిటంటే ఒప్పుకున్నారు. 1996లో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడ్స్ విధానాన్ని ప్రకటించి, హాని తగ్గించే పద్ధతులను అందులో చేర్చింది. దేశంలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం అదే. ఇంటింటా ఒక కొడుకును పోగొట్టుకునే స్థితి వచ్చాక వాదనలకు ఓపిక ఉండదు కాబోలు.

అదే 1989లో బర్మాకు అవతలివైపు, చైనా యునాన్ రాష్ట్రంలోని రుయిలీ ప్రాంతంలో 146 మంది వాడకందార్లకు వైరస్ ఉన్నట్టు తేలింది. ఇంఫాల్‌కూ రుయిలీకీ సంబంధం ఏమిటి? 2000లో క్రిస్ బేరర్, అతని తోటివాళ్లు వైరస్ ఉపజాతులను పోల్చి, బర్మా నుంచి బయల్దేరిన హెరాయిన్ దారులనే వైరస్ పట్టిందని చూపించారు. సరుకు యునాన్ మీదుగా, వియత్నాం మీదుగా, మణిపుర్ మీదుగా పోతే జబ్బూ అటే పోయింది. స్మగ్లర్ల దారిని పోలీసులకన్నా ముందు ప్రయోగశాల గీసి చూపించిందన్నమాట.

ఇక జైళ్లు. నాలుగు గోడల మధ్య మత్తుమందు ఉండదనేది ఏ దేశపు జైలు శాఖైనా చెప్పే మాట. 1993లో స్కాట్లాండ్‌లోని గ్లెనాకిల్ జైలు ఆ మాటను బద్దలు కొట్టింది. కొందరు ఖైదీలకు కామెర్లు రావడంతో డాక్టర్లు లోపలికెళ్లి, ఇష్టపడ్డవాళ్లకు పరీక్షలు చేశారు. అంతకుముందే బయటపడ్డ ఇద్దరిని కలుపుకుని 14 మందికి హెచ్‌ఐవీ ఉంది. బయట అంటించుకుని వచ్చారని అధికారులు అనవచ్చు. ఆ మాటకు చోటులేకుండా డాక్టర్లు ఒక్కో ఖైదీ జైలుకొచ్చిన తేదీని, పాత పరీక్షల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూశారు. ఎనిమిదిమందికి ఆ ఏడాది మొదటి ఆరు నెలల్లో జైల్లోనే సోకిందని తిరుగులేకుండా తేలింది. తర్వాత జన్యు పరీక్ష చేస్తే 14 మందిలో 13 మంది వైరస్ దాదాపు ఒకే మూస. ఒకే సూది ఎన్ని గదులు తిరిగిందో దాన్నిబట్టి తెలుసుకోవచ్చు.

లిథువేనియాలో 2002లో ఇంతకన్నా పెద్ద దెబ్బ తగిలింది. ఆలీటుస్ జైల్లో కొద్ది నెలల్లోనే దాదాపు 300 మందికి వైరస్ బయటపడింది. ఆ చిన్న దేశం మొత్తంలో అప్పటిదాకా నమోదైన కేసులూ సుమారు అన్నే.

స్విట్జర్లాండ్‌లో మాత్రం ఒక డాక్టరు ముందే మేలుకున్నాడు. సోలోటుర్న్ ప్రాంతంలోని ఓబర్‌షోన్‌గ్రూన్ జైలుకు ఫ్రాంట్స్ ప్రోబ్స్ట్ పార్ట్‌టైం డాక్టరు. అక్కడి 70 మంది ఖైదీల్లో సుమారు 15 మంది సూదితో మత్తు తీసుకుంటున్నారని అతనికి తెలుసు. పై అధికారులకు చెప్పకుండా తనే కొత్త సిరంజిలు పంచడం మొదలుపెట్టాడు. సంగతి తెలిసిన జైలరు అతన్ని వెళ్లగొట్టలేదు. అతని వాదన విని, పైవాళ్ల దగ్గర అనుమతి తెచ్చిపెట్టాడు. ప్రపంచంలో జైల్లో సూదుల పంపిణీ ఇలా మొదలైంది. 1994లో హిండెల్‌బాంక్ ఆడవాళ్ల జైల్లో గోడకు పెట్టెలు బిగించి, పాతది వేస్తే కొత్తది వచ్చేలా చేశారు. మత్తు వాడకం పెరగలేదు, సూదితో ఎవరూ ఎవరినీ పొడవలేదు, కొత్తగా హెచ్‌ఐవీ ఎవరికీ సోకలేదు.

స్పెయిన్ దీన్ని అందుకుంది. జర్మనీ కొన్ని జైళ్లలో మొదలుపెట్టి, ఫలితాలు బాగున్నా 2000ల తొలి ఏళ్లలో రాజకీయ కారణాలతో చాలావరకు మూసేసింది. మూయొద్దని అడిగినవాళ్లలో జైలు సిబ్బందీ ఉన్నారు. ఖైదీ గదిని తడిమి సోదా చేసేటప్పుడు దాచిన సూది గుచ్చుకునేది వాళ్లకే కదా! డబ్బున్న జర్మనీ వెనకడుగు వేస్తే, యూరప్‌లోని నిరుపేద దేశాల్లో ఒకటైన మోల్డోవా 1999లో మొదలుపెట్టి నిలబెట్టుకుంది. అక్కడ జైలు డాక్టరు గదికి వెళ్లి సూది అడగడానికి ఖైదీలు జంకారు. దాంతో పంపిణీ తోటి ఖైదీల చేతికే ఇచ్చారు, పని సాగింది.

ఇరాన్ కథ ఎవరూ ఊహించనిది. మత్తుమందుల నేరాలకు ఉరి వేసే దేశం అది. 1990ల నడుమ కెర్మాన్‌షా జైల్లో హెచ్‌ఐవీ బయటపడ్డాక, అదే ఊరి డాక్టర్లు ఆరష్, కామ్యార్ అలాయీ అనే అన్నదమ్ములు మత్తు, హెచ్‌ఐవీ, సుఖవ్యాధులు మూటికీ ఒకేచోట చికిత్స చేసే ‘త్రికోణ’ క్లినిక్కులు పెట్టారు. తర్వాత జైళ్లలో హెరాయిన్‌కు బదులు మెథడోన్ ఇవ్వడం పెద్ద ఎత్తున సాగింది. 2005లో న్యాయవ్యవస్థ అధిపతే ఈ పద్ధతులకు అడ్డు చెప్పొద్దని ఆదేశమిచ్చాడు. మూడేళ్లకు ఆ అన్నదమ్ములిద్దరినీ ప్రభుత్వ వ్యతిరేకులని జైల్లో పెట్టారు. వాళ్లు మొదలుపెట్టిన క్లినిక్కులను మాత్రం మూయలేదు.

ఇన్ని దేశాల లెక్కలను ఒకచోట పేర్చిన పని 2016లో లాన్సెట్‌లో వచ్చింది. ఆస్ట్రేలియా పరిశోధకురాలు కేట్ డోలన్ బృందం చేసిన పని అది. ప్రపంచంలో ఏ రోజు చూసినా కోటికి పైగా మనుషులు జైళ్లలో ఉంటారు, వాళ్లలో 3.8 శాతం మందికి హెచ్‌ఐవీ, 15.1 శాతం మందికి హెపటైటిస్ సి ఉన్నాయని వాళ్ల అంచనా. అంతకు చాలా ఏళ్ల ముందే ఆమె ఆస్ట్రేలియా జైళ్లలో మెథడోన్ ఇస్తే హెరాయిన్ వాడకం తగ్గుతుందని 382 మంది ఖైదీలతో ప్రయోగం చేసి చూపించింది.

మన దేశంలో 2021 సర్వే ప్రకారం జైళ్లలో ఉన్నవాళ్లలో 1.9 శాతం మందికి, ఇంజెక్షన్ మత్తు వాడేవాళ్లలో 9 శాతం మందికి వైరస్ ఉంది. దేశంలోని పెద్దవాళ్లందరినీ కలిపి చూస్తే ఇది 0.2 శాతం దాపు. తీహార్ జైల్లో 2008 నుంచి హెరాయిన్‌కు బదులు మందు ఇచ్చే చికిత్స ఉంది. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం, సూదులు పంచడం వంటి హాని తగ్గించే పనులను నేరంగా చూడకూడదని చెప్పింది. అయినా మన జైళ్లలో సూదుల పంపిణీ లేదు.

2024 ఫిబ్రవరిలో లక్నో జిల్లా జైల్లో 63 మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలినప్పుడు, వాళ్లంతా బయట సూదులు పంచుకునే అంటించుకున్నారనీ, జైల్లో ఎవరికీ సోకలేదనీ అధికారులు అన్నారు. నిజమే కావచ్చు. నిజమని చూపించాలంటే గ్లెనాకిల్ డాక్టర్లు చేసినట్టు తేదీలను, ఫలితాలను పోల్చి చూడగలగాలి; అందుకు లోపలికొచ్చిన రోజు ఒక పరీక్ష, కొన్ని నెలలకు మరో పరీక్ష, రెండూ ఖైదీ ఒప్పుకోలుతో జరగాలి. జైలు శాఖలు ముందు ఆ పని మొదలుపెట్టాలి.