పేరు పోయి నేల మిగిలిన ఎస్టేటు: చిరాన్ నుండి కేబీఆర్ దాకా

హైదరాబాదులో తోటలు పోయి పేర్లు మిగలడం సర్వసాధారణం. బషీర్‌బాగ్‌లో పాయిగా అమీరు సర్ ఆస్మాన్ జా సౌధమూ లేదు, దాని వనమూ లేదు. రద్దీ కూడలికి పేరు మాత్రం దక్కింది. పాతబస్తీలో సాలార్‌జంగుల దివాన్ దేవిడీ గతి కూడా ఇంచుమించు ఇదే. మూడవ సాలార్‌జంగు సేకరించిన కళాఖండాలు 1951 డిసెంబరులో నెహ్రూ చేతుల మీదుగా ప్రజలకు ప్రదర్శనశాలగా తెరుచుకున్నది ఆ దేవిడీలోనే. 1968లో మ్యూజియం కొత్త భవనానికి తరలిపోయింది. దేవిడీ క్రమంగా నేలమట్టమై దుకాణాల సముదాయానికి చోటిచ్చింది. నగరాన్ని స్థలనామాల ద్వారా చదివే పరిశోధకునికి 'బాగ్', 'దేవిడీ' అనే పదాలు తరచు ఈ నష్టాన్నే చెబుతాయి. దీనికి తలకిందులైన ఉదాహరణ ఒకటి ఉంది. అక్కడ నేల నిలిచింది, పేరు పోయింది. అది జూబిలీహిల్స్‌లోని చిరాన్ ఎస్టేటు.

చిరాన్ పాతబస్తీకి దూరంగా, నగరానికి పడమటి రాళ్లగుట్టల మీద ఉన్నా, దాని యజమాని కథ పాతబస్తీ చౌమహల్లా దర్బారుతో ముడిపడినది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1967 ఫిబ్రవరి 24న మరణించాడు. ఆయన పెద్దకొడుకు ఆజం జాను కాదని మనుమడు ముకర్రం జాను వారసునిగా ముందే నిర్ణయించాడు. ఆ ఏప్రిల్‌లో చౌమహల్లాలో పట్టాభిషేకం జరిగింది. అయితే అప్పటికి ఆ పట్టానికి ఆధారమైన నేల కాళ్లకింద లేదు. 1949లోనే జాగీర్దారీ రద్దయింది. సర్ఫేఖాస్ దివానీలో కలిసిపోయింది. 1971లో రాజభరణాలు కూడా పోయాయి. పూర్వం జాగీరంటే శిస్తు వసూలు మీద హక్కు, దానితో వచ్చే అధికారం. ఆ హక్కు పోయాక యజమానికి దక్కింది ప్రహరీ లోపలి స్థలం మాత్రమే. నిజాం వారసత్వ చర్చల్లో ఆభరణాలకు దక్కినంత చోటు ఈ మార్పుకు దక్కలేదు.

సుమారు 400 ఎకరాల చిరాన్‌లో రాజసౌధంతో పాటు మోటారుఖానాలు, మరమ్మతు కార్ఖానాలు, గుర్రపుశాలలు, బావులు ఉండేవి. మోటారుఖానాలే యజమాని స్వభావానికి అద్దం పట్టాయి. డూన్ స్కూలు, హారో, కేంబ్రిడ్జి, శాండ్‌హర్స్ట్‌లలో చదివిన ముకర్రం జాకు దర్బారు కన్నా ఇంజను మీద మక్కువ ఎక్కువ. వారసత్వంగా సంక్రమించిన వేలాది ఆశ్రితుల నుండి, దాయాదుల వ్యాజ్యాల నుండి, పన్ను బకాయిల నుండి తొలగి, 1970ల్లో ఆయన పశ్చిమ ఆస్ట్రేలియాలోని మర్చిసన్ హౌస్ అనే గొర్రెల క్షేత్రానికి చేరాడు. అక్కడ బుల్డోజరును స్వయంగా నడిపేవాడు. 1996లో దానినీ విడిచి టర్కీకి వెళ్లిపోయాడు. పత్రికలు ఈ ప్రవర్తనను వింతగా చిత్రించి అక్కడితో ఆగిపోయాయి. హైదరాబాదు చరిత్రకు కావలసింది ఆ వింత వల్ల ఇక్కడి నేలకు ఏమైందన్నది.

అడవి మిగిలింది. యజమాని లేకపోవడం, గోడ ఉండడం అనే రెండు కారణాలు చాలాయి. చుట్టూ సహకార గృహనిర్మాణ సంఘం ప్లాట్లుగా విభజించిన గుట్టలు బంగళాలుగా మారుతున్న దశాబ్దాల్లో, గోడ లోపల బండరాళ్లు, ముళ్లపొదలు, నెమళ్లు యథాస్థితిలో నిలిచాయి. యజమాని ఇక్కడే ఉండి, అప్పులవాళ్ల ఒత్తిడికి లోనై, ముక్కలుగా అమ్ముకుని ఉంటే జూబిలీహిల్స్‌కు మరికొన్ని వీధులు చేరేవి, అంతే. 1976 నాటి పట్టణ భూపరిమితి చట్టం రాకతో ఇంత విస్తీర్ణం ఒకరి చేతిలో నిలవడం కష్టమైంది. 1998లో, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద, అందులో సుమారు 142 హెక్టార్లు జాతీయ ఉద్యానమైంది. ఇక్కడ 'ఉద్యానం' అన్న మాట కొంత తికమక పెడుతుంది. తెలుగులో అది నాటి పెంచిన తోటను స్ఫురింపజేస్తుంది. ఇక్కడ ఉన్నది దక్కను పీఠభూమి సహజమైన చిట్టడవి. నడకకు వచ్చేవారు దాన్ని 'పార్కు' అనే అంటారు.

ఉద్యానానికి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు. ఆయన 1964 నుండి 1971 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. అంటే చౌమహల్లాలో పట్టాభిషేకం జరిగిన నాడు రాష్ట్రాధికారం ఆయన చేతిలోనే ఉంది. గుంటూరు జిల్లా నాయకుని పేరు ఆసఫ్‌జాహీ వారసుని ఎస్టేటుకు రావడం ప్రజాస్వామిక ప్రభుత్వం తన స్మృతిని నేల మీద రాసుకునే పద్ధతి. కానీ వాడుక ఆ పేరునూ అలాగే ఉండనివ్వలేదు, 'కేబీఆర్' అని మూడక్షరాలకు కుదించింది. చౌమహల్లా విషయం వేరు. యువరాణి ఎస్రా పూనికతో పునరుద్ధరణ జరిగి, 2005లో సందర్శకులకు తెరుచుకున్న ఆ భవనం పాత పేరుతోనే జీవిస్తోంది. సందర్శకుడు అక్కడికి వెళ్లేదే ఆ పేరు కోసం. పొద్దున్నే నడవడానికి వచ్చేవారికి అటువంటి పేరుతో పని లేదు.

ప్రజల ఆస్తి అయ్యాక అడవికి కొత్త ఒత్తిళ్లు వచ్చాయి. ప్రైవేటు గోడ దగ్గర ఆగిన రోడ్డు ప్రభుత్వ కంచె దగ్గర ఆగాలనే నియమం లేదు. ఉద్యానం చుట్టూ కూడళ్లలో వంతెనల కోసం చెట్లు తొలగించే ప్రతిపాదనపై 2016లో పౌరులు నిరసన తెలిపారు. 2020లో కేంద్రం ఖరారు చేసిన పర్యావరణ సున్నిత మండలం కొన్నిచోట్ల 3 మీటర్లు; ఎంత విశాలమైన చోటైనా 30 మీటర్లు దాటదు. రక్షణ మండలమనే మాటకు ఈ కొలత ఎంత తగునన్నది ప్రశ్నార్హం.

ముకర్రం జా 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో మరణించాడు. భౌతికకాయాన్ని చౌమహల్లాకు తెచ్చి ప్రజల దర్శనార్థం ఉంచారు. 18న ప్రభుత్వ లాంఛనాలతో మక్కా మసీదు ప్రాంగణంలో ఖననం జరిగింది. తాత సమాధి కింగ్ కోఠి ఎదుట మస్జిద్-ఎ-జూదీలో ఉంది. మనుమనికి మాత్రం తాత పక్కనపెట్టిన ఆజం జా సమాధి చెంతనే చోటు దొరికింది.