ఉంగరం ఇచ్చిన చెయ్యి

మొన్న సాయంత్రం మా అమ్మాయి హాల్లో అటూ ఇటూ తిరుగుతూ ఫిజిక్స్ వల్లె వేస్తోంది. "అణువిచ్ఛిత్తిని 1938లో కనిపెట్టినవారు ఆటో హాన్, స్ట్రాస్‌మన్..." వంటింట్లో పులుసు కలుపుతున్న నేను ఉండబట్టలేక, "మరి లీజె మైట్నర్ ఏమైందే?" అన్నాను.

అదీ, పేపరు చదువుకుంటున్న మావారూ ఒక్కసారే తలెత్తి చూశారు. చూడరూ మరి! బి.ఏ.లో చరిత్ర చదివి నవలలు రాసుకునే మనిషికి అణువులతో పనేమిటి? నాకు అణువు తెలియదు గానీ ఆ మనిషి తెలుసు. ఎప్పుడో ఆవిడ జీవితకథ చదివాను. శాస్త్రం సగం అర్థం కాలేదు. మిగతాది మాత్రం బాగానే అర్థమైంది.

లీజె 1878లో వియన్నాలో పుట్టింది. ఎనిమిదిమంది పిల్లల్లో మూడోది. అక్కడి విశ్వవిద్యాలయాలు ఆడపిల్లల్ని రానిచ్చిందే 1897లో. అంచేత ఆవిడ విశ్వవిద్యాలయం మెట్లు ఎక్కేసరికి 23వ యేడు నడుస్తోంది. 1906లో డాక్టరేటు, మరుసటి యేడు బెర్లిన్ ప్రయాణం. అక్కడ ఆటో హాన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కలిసి పనిచేద్దామన్నాడు. తీరా చూస్తే ఆయన పనిచేసే సంస్థలో ఆడవాళ్లకి ప్రవేశం లేదు! చివరికి కింద ఒక పాత వడ్రంగి గది ఇచ్చి, పై అంతస్తులకి మాత్రం రావద్దన్నారు. కాలకృత్యాలకి కూడా దగ్గర్లోని హోటలుకి పోవలసి వచ్చేది. 1912 దాకా జీతం అన్నమాటే లేదు.

ఆ గదిలో మొదలైన స్నేహం ముప్ఫయ్యేళ్లు సాగింది. ఆయన పదార్థాల్ని వేరుచేసి చూపించేవాడు. అది అలా ఎందుకయిందో ఆవిడ లెక్క కట్టి చెప్పేది. 1926లో ఆవిడ బెర్లిన్‌లో ప్రొఫెసరైంది. జర్మనీలో ఫిజిక్స్ ప్రొఫెసరైన మొదటి స్త్రీ ఆవిడే.

ఇంతలో హిట్లరు వచ్చాడు. పుట్టుకతో యూదురాలు కనక 1933లో పాఠం చెప్పే హక్కు పోయింది. 1938లో ప్రాణానికే ముప్పు వచ్చింది. ఆ జూలైలో, తన 59వ యేట, రెండు చిన్న పెట్టెలూ 10 మార్కుల డబ్బూ తీసుకుని దొంగతనంగా రైలెక్కింది. బయలుదేరే ముందు హాన్ ఒక వజ్రపుటుంగరం ఆవిడ చేతిలో పెట్టాడు. వాళ్లమ్మ ఉంగరం అది. సరిహద్దులో కాపలావాళ్లు ఆపితే లంచంగా ఇమ్మన్నాడు. అదృష్టవశాత్తూ ఆ అవసరం రాలేదు.

స్వీడన్ చేరింది. చేతిలో పరికరాలు లేవు, చుట్టూ తెలిసిన భాష లేదు. డిసెంబరులో హాన్ ఉత్తరం వచ్చింది. యురేనియంని న్యూట్రాన్లతో కొడితే బేరియం కనిపిస్తోంది, ఇదేం విచిత్రమో చెప్పమని. క్రిస్మస్‌కి అక్క కొడుకు ఆటో ఫ్రిష్ వచ్చాడు. అతనూ భౌతిక శాస్త్రజ్ఞుడే. కుంగెల్వ్ అనే ఊళ్లో మంచులో నడుస్తూ, ఒక చెట్టుమొద్దు మీద కూర్చుని, పిన్నీ కొడుకూ చిత్తుకాగితాల మీద లెక్క వేశారు. నీటిబొట్టు సాగి, నడుం సన్నబడి, రెండైపోయినట్టు అణువు గుండెకాయ రెండుగా చీలుతోంది! చీలినప్పుడు పుట్టే శక్తి 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులని లెక్క తేల్చింది ఆవిడే.

హాన్, స్ట్రాస్‌మన్ తమ వ్యాసం 1939 జనవరిలో అచ్చువేశారు. అందులో లీజె పేరు లేదు. నాజీల రాజ్యంలో ఆ పేరు పెట్టడం ప్రమాదం. సరే, అది ఒప్పుకుందాం. కానీ యుద్ధం ముగిశాక? 1944వ సంవత్సరపు నోబెల్ బహుమతిని 1945లో ప్రకటించినప్పుడు అది హాన్ ఒక్కడికే వచ్చింది. ఆ తరవాతైనా ఆయన నోరు విప్పి "ఇందులో సగం ఆవిడది" అనలేదు. మ్యూనిక్‌లోని మ్యూజియంలో ఆ ప్రయోగపు బల్ల చాలా ఏళ్లు హాన్ పేరుమీదే ఉండేది. అన్నట్టు, 1943లో బాంబు తయారీకి రమ్మని పిలిస్తే, తనకి బాంబుతో పనిలేదని తిరగ్గొట్టింది ఈవిడ.

"అయితే హాన్ దొంగేగా అమ్మా!" అంది మా అమ్మాయి.

అవునందామనుకున్నాను. నోరు రాలేదు. తల్లి ఉంగరం తీసి ఇచ్చినవాడు దొంగెలా అవుతాడు? ఉంగరం ఇచ్చిన చెయ్యే పేరు దగ్గర ముడుచుకుపోయింది. అదే నాకు అంతుపట్టలేదు.

అంతుపట్టలేదని ఎందుకనాలి? నా మొదటి నవల మీలో కొందరు చదివే ఉంటారు. అందులో కథ నాది కాదు. మధ్యాహ్నాలు బియ్యంలో రాళ్లు ఏరుతూ మా అత్తగారు చెప్పింది. మనుషులు, మాటలు, చివరికి ఆ సామెతలు కూడా ఆవిడవే. పారితోషికం రాగానే ఆవిడకి పట్టుచీర కొన్నాను. ముందుమాటలో సంపాదకుడికీ, బొమ్మలు వేసినాయనకీ, ప్రెస్సువారికీ కృతజ్ఞతలు రాశాను. ఆవిడ అక్షరాలు కూడబలుక్కుని ఆ పేజీ అంతా చదివి, "బాగుందమ్మా" అని పుస్తకం మూసేశారు. ఆ చీర ఆవిడ రెండుసార్లే కట్టారు.

లీజె హాన్‌తో స్నేహం వదులుకోలేదు. ఇద్దరూ 1968లోనే పోయారు, మూడు నెలల తేడాతో. ఆ ఉంగరం చివరికి ఫ్రిష్ భార్య, అంటే మన వరసలో ఆవిడ కోడలు, పెట్టుకుంది. 1997లో 109వ మూలకానికి మైట్నీరియం అని పేరు పెట్టారు. అప్పటికి ఆవిడ లేదు.

మా అత్తగారూ లేరు. ఆ నవల మళ్లీ అచ్చు వేస్తామని మొన్ననే పబ్లిషరు కబురు చేశారు. ముందుమాట తిరగరాయాలి.