వేపచెట్టుకొచ్చిన తెగులు

2021లో తెలంగాణ అంతా వేపచెట్లు ఎండిపోయాయి, గుర్తుందా? మా మెట్టుగూడలో పెరటి చెట్లు కూడా కొమ్మల చివర్ల నుంచి మాడుతూ వచ్చాయి. ఇంకేముంది, "చెట్లక్కూడా కరోనా" అనేశారు జనం. కొందరైతే గొడ్డళ్ళు తీశారు.

నిజానికి ఇది పాత బగ్గేనండీ! 1990లలోనే డెహ్రాడూన్ వైపు కనిపించింది. 1997లో మైసూరు పరిశోధకులు ఆ శిలీంధ్రానికి ఫోమాప్సిస్ అజాడిరాక్టే అని పేరు పెట్టారు. తమాషా ఏంటంటే, వేపనూనెని శిలీంధ్రనాశినిగా వాడే పద్ధతి మీద ఒక అమెరికన్ కంపెనీకిచ్చిన పేటెంటుని యూరప్ పేటెంట్ ఆఫీసు 2000లో రద్దు చేసింది, 2005లో అప్పీలూ కొట్టేసింది. అది మన పాత జ్ఞానమే అని మనం గెలిచాం. ఆ వేపకే శిలీంధ్రం పట్టింది!

డయాగ్నోసిస్ దగ్గరే చిక్కంతా. టీ దోమ లేత చిగుళ్ళ రసం పీల్చినా కొమ్మలు ఇలాగే మాడతాయి, పైగా ఆ గాయాల్లోంచి శిలీంధ్రం తేలిగ్గా దూరుతుంది. ఒక్కదానికే మందు కొడితే రెండోది మిగిలిపోతుంది. మూడంతస్తుల చెట్టుకి స్ప్రే ఎవడు కొడతాడు? అందినంతవరకు ఎండుకొమ్మలు కోసి కాల్చేయడం, కార్బెండజిమ్ నీళ్ళలో కలిపి మొదట్లో పోయడం, అంతే. ఆ ఏడు మందుకొట్టిన చెట్లకన్నా వదిలేసిన చెట్లే ఎక్కువ. వాటిలోనూ చాలామటుకు వేసవికల్లా చిగురేశాయి. కొట్టించే ముందు బెరడు గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉన్నట్టు.